తెలిసిన లోపాన్ని చెప్పి అమ్మడం ఇంటి యజమాని బాధ్యతే

సంపాదకులకు,

అయ్యా,

పాత ఇల్లో ఫ్లాటో కొనుక్కునే మధ్యతరగతి కుటుంబాలు ఈ రోజుల్లో పత్రాల విషయంలో చాలా జాగ్రత్తగానే ఉంటున్నాయి. ముప్పై ఏళ్ల లింకు డాక్యుమెంట్లు తెప్పించి లాయరుకు చూపిస్తారు, ఆస్తిమీద తాకట్లు, అప్పులు లేవని చూపే ఈసీ తీయిస్తారు, మంజూరైన ప్లానుతో కట్టడాన్ని పోల్చి చూస్తారు, ఇంటి పన్ను, కరెంటు బకాయిలు లేవని రసీదులు అడుగుతారు. బాత్‌రూము కింద స్లాబు ఎలా ఉంది, ఎర్తింగ్ నిజంగా పనిచేస్తోందా, పార్కింగ్‌లో సంపు మూత కారు బరువు మోస్తుందా, పై అంతస్తు వేసేటప్పుడు కింది పిల్లర్లను ఎవరైనా లెక్కగట్టారా అన్న ప్రశ్నలు మాత్రం రిజిస్ట్రేషన్ అయ్యేదాకా ఎవరి నోటా రావు. వీటికి జవాబు తెలిసినవారు సాధారణంగా ఒక్కరే ఉంటారు. ఇన్నాళ్లూ ఆ ఇంట్లో కాపురం ఉండి, ఇప్పుడు దాన్ని అమ్మకానికి పెట్టినవారే వారు. తెలిసి కూడా చెప్పకుండా అమ్మితే వారిమీద చట్టపరమైన బాధ్యత ఉంటుందా అని అడిగితే, చాలామంది ‘చూసుకుని కొనుక్కోవాల్సింది కొనేవాళ్లే కదా’ అంటారు. ఆ మాట సగమే నిజమని, మిగతా సగం మన చట్టంలో 1882 నుంచీ ఉందని చెప్పడానికే ఈ ఉత్తరం.

ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ అమ్మేవారి విధులను వరుసగా చెబుతూ, అన్నిటికంటే ముందు చెప్పింది ఈ విషయమే. ఆస్తిలో గానీ, దానిమీద అమ్మేవారికి ఉన్న హక్కులో గానీ ముఖ్యమైన లోపం ఉండి, అది అమ్మేవారికి తెలిసి, కొనేవారికి తెలియక, కొనేవారు మామూలు జాగ్రత్తతో చూసినా కనిపెట్టలేనిదైతే, దాన్ని బయటపెట్టి తీరాలి. అదే సెక్షన్ చివర, అలా బయటపెట్టకపోవడం మోసపూరితమని చట్టం తేల్చి చెప్పింది. దస్తావేజుల్లోని లోపంతో పాటు గోడలోని లోపాన్నీ కలిపే చెప్పినా, కోర్టుల్లో ఈ సెక్షన్ వినిపించేది ఎక్కువగా టైటిల్ తగాదాల్లోనే. దిగుతున్న స్లాబు గురించి, ఒరిగిన పిట్టగోడ గురించి దీన్ని ఆసరాగా తీసుకుని కోర్టు మెట్లెక్కేవారు అరుదు.

1872 నాటి కాంట్రాక్టు చట్టం దీనికి మరికొంత బలం ఇస్తుంది. ఆ చట్టంలో ఒక ఉదాహరణ ఉంది. జబ్బు గుర్రాన్ని వేలంలో అమ్మేవాడు దాని జబ్బు గురించి ఏమీ మాట్లాడకపోతే అది మోసం కాదు. అయితే మాట్లాడవలసిన విధి ఉన్నచోట మౌనం కూడా మోసమేనని అదే 17వ సెక్షన్ వివరణ చెబుతుంది. ఇల్లు అమ్మేవారికి ఆ విధిని ఆస్తి బదిలీ చట్టం ప్రత్యేకంగా అప్పగించింది కాబట్టి, గుర్రాల బేరగాడికి దొరికిన వెసులుబాటు ఇంటి యజమానికి దొరకదు. ఇంకా ముఖ్యమైన తేడా ఒకటుంది. కేవలం మౌనంగా ఉన్న సందర్భంలో, ‘కొంచెం శ్రద్ధ పెట్టి ఉంటే నీకే తెలిసేది కదా’ అని అమ్మినవారు కొన్నవారిని ఎదురు ప్రశ్నించడానికి 19వ సెక్షన్ చోటిస్తుంది. లోపాన్ని పనిగట్టుకుని కప్పిపెట్టినప్పుడు ఆ ఎదురు ప్రశ్నకు అక్కడ చోటు లేదు. పగులు ఉందని చెప్పకపోవడం ఒకటి, పగులు మీద పుట్టీ పెట్టి రంగు వేయించి బేరానికి పిలవడం ఒకటి. రెండోదాన్ని చట్టం మరింత గట్టిగా పట్టుకుంటుంది.

నేను సివిల్ ఇంజినీరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. బంధువులు, తెలిసినవాళ్లు ఇల్లు కొనేముందు ‘ఒకసారి వచ్చి చూడండి’ అని పిలుస్తుంటారు. అడ్వాన్సు ఇచ్చాక పిలిచేవాళ్లే ఎక్కువన్నది వేరే సంగతి. అలా చూసిన ఒక ఫ్లాటులో చిన్న పడకగదికి మాత్రమే కొత్తగా ఫాల్స్ సీలింగ్ వేయించి ఉంది. హాలుకు లేదు, పెద్ద గదికి లేదు. పై ఫ్లాటు ప్లాను చూస్తే సరిగ్గా ఆ గది మీదనే బాత్‌రూము ఉంది. ఎల్ఈడీ లైటు ఒకటి కిందికి లాగి, ఆ కంతలోంచి టార్చి వేసి చూస్తే, స్లాబు అడుగున అరచేయంత పెచ్చులు ఊడి, చువ్వలు తుప్పుపట్టి పొరలు పొరలుగా విడిపోతున్నాయి. రాలిన కాంక్రీటు ముక్కలు సీలింగ్ షీటు మీదే పేరుకుని ఉన్నాయి. యజమానిని అడిగితే తనకేమీ తెలియదన్నారు. అపార్టుమెంటు అసోసియేషన్ మినిట్స్ పుస్తకంలో మాత్రం, పైనుంచి నీరు కారుతోందని, పెచ్చులు మంచం మీద పడ్డాయని ఆయనే సంతకం పెట్టి ఇచ్చిన ఫిర్యాదు నమోదై ఉంది. ‘మీరు రెండుసార్లు వచ్చి చూసుకున్నాకే కదండీ అడ్వాన్సు ఇచ్చారు’ అన్నది ఆయన చివరి మాట. అగ్రిమెంటులో కూడా, ‘కొనుగోలుదారు సదరు ఫ్లాటును స్వయంగా చూసుకుని అన్ని విధాలా తృప్తి చెందినందున’ అని రాసే ఉంది.

ఆ వాక్యం గురించి కొంచెం చెప్పాలి. 55వ సెక్షన్‌లోని విధులన్నీ, ఇరుపక్షాలూ వేరే విధంగా ఒప్పుకోనప్పుడు వర్తించేవి. దస్తావేజు లేఖరులు తరతరాలుగా నకలు తీస్తున్న నమూనాల్లో ఈ తృప్తి వాక్యం ఎప్పుడో చేరింది. అమ్మేవారూ దాని గురించి ఆలోచించరు, కొనేవారూ చదవరు. కానీ తగాదా వచ్చిన రోజున అవతలి లాయరు మొట్టమొదట వేలు పెట్టి చూపించేది దానినే. తెలిసి దాచినవారిని ఒక్క వాక్యం కాపాడేస్తుందని నేను అనుకోను. అయితే ఆ సంగతి తేలేసరికి, కొన్నవారికి కొన్నేళ్ల కాలం, కోర్టు ఫీజు, ఇంజినీరు నివేదికల ఖర్చు తడిసి మోపెడవుతాయి. ఈలోగా ఆ స్లాబు కింద పిల్లలు పడుకుంటూనే ఉంటారు.

స్లాబు విషయం ఎందుకు ఇంతగా చెబుతున్నానంటే, తుప్పు ఆగి ఉండేది కాదు. మంచి కాంక్రీటులోని క్షార గుణం చువ్వలకు రక్షణగా ఉంటుంది. ఏళ్ల తరబడి చెమ్మ దిగుతూ, ఆ రక్షణ పోయాక ఉక్కు తుప్పుపడుతుంది. తుప్పు, తను తినేసిన ఉక్కు కంటే రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది కాబట్టి లోపలినుంచి ఒత్తి, కింది కాంక్రీటును పెచ్చులుగా ఊడగొడుతుంది. పెచ్చు ఊడిన చోట చువ్వకు గాలీ తేమా నేరుగా తగిలి పని ఇంకా వేగమవుతుంది. ఈ దశలో పుట్టీ పూయడం, ఫాల్స్ సీలింగ్ కట్టడం వల్ల జరిగేది ఒక్కటే. రాబోయే ప్రమాదపు గుర్తులు కొత్తగా వచ్చినవారి కంటపడకుండా పోతాయి. గురుగ్రామ్‌లో 2022 ఫిబ్రవరిలో ఒక బహుళ అంతస్తుల భవనంలో, మరమ్మతులు జరుగుతున్న ఆరో అంతస్తు ఫ్లాటు స్లాబు కూలి, కింది అంతస్తుల స్లాబులను కూడా వెంట తీసుకుపోయి ఇద్దరు మహిళల ప్రాణాలు తీసింది. కాంక్రీటులోని క్లోరైడ్ల వల్ల చువ్వలు తుప్పుపట్టాయని తర్వాత ఐఐటీ ఢిల్లీ నిపుణులు తేల్చారు. ఒక ఫ్లాటులో దాచిన లోపం ఆ ఫ్లాటుతోనే ఆగదు.

మా విజయవాడ సంగతి మరొకటి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం ప్రాంతాల్లో ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో నిలిచాయి. ఆ ప్రాంతానికి వరద వచ్చిందన్నది రాష్ట్రమంతటికీ తెలిసిన విషయమే కాబట్టి, దాన్ని ఎవరో దాచారని అనడానికి వీల్లేదు. మామూలు జాగ్రత్తతో తెలిసేదానిని చెప్పవలసిన బాధ్యత చట్టం కూడా అమ్మేవారి మీద పెట్టలేదు. నీళ్లు దిగాక ఏం చేశారన్నదే అసలు ప్రశ్న. నానిన స్విచ్చు బోర్డులు, గోడల్లోని వైర్లు, జాయింట్లు మార్పించారా, లేక ఎండబెట్టి మళ్లీ కరెంటు ఇచ్చారా, పునాది పక్కన మట్టి కుంగితే ఎంతమేర నింపారు అన్నవి బయటివారికి ఎంత తిరిగి చూసినా తెలియవు. గోడకు రెండుసార్లు రంగు పడ్డాక నీటి మట్టం గీత కూడా మిగలదు. షాకు కొట్టే ఇంటిని షాకు కొట్టదన్నట్టుగా అమ్మడం ఈ సెక్షన్ కిందికి రాకపోతే ఇంకేది వస్తుంది?

అనుమతి లేకుండా వేసి, తర్వాత ప్రభుత్వ క్రమబద్ధీకరణ పథకం బీపీఎస్ కింద అపరాధ రుసుం కట్టి క్రమబద్ధం చేయించుకున్న పై అంతస్తులది ఇంకో తరహా. ఆ ఉత్తర్వు చూపించి ‘అంతా రెగ్యులరే’ అంటారు. ఆ కాగితం కూల్చివేత భయాన్ని తీరుస్తుందే గానీ, రెండంతస్తులకు లెక్కగట్టిన పిల్లర్లకు మూడో అంతస్తు మోసే శక్తిని ఇవ్వదు. పునాది ఎన్ని అంతస్తులకు వేశారో కట్టించుకున్న యజమానికి తెలుస్తుంది, మేస్త్రీకి తెలుస్తుంది. కొనేవారికి తెలిసే దారి లేదు.

ఇక్కడ కొందరు స్థిరాస్తి నియంత్రణ చట్టం, అదే రెరా, ఉంది కదా అంటారు. 2016 నాటి ఆ చట్టం 14వ సెక్షన్ ప్రకారం, ఇల్లు అప్పగించిన ఐదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే బిల్డరు 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి, లేదా పరిహారం ఇవ్వాలి. మంచి నిబంధనే. కానీ అది ప్రమోటరును, అంటే కట్టి అమ్మే బిల్డరును, ఉద్దేశించినది. పన్నెండేళ్ల పాత ఫ్లాటును ఒక కుటుంబం మరో కుటుంబానికి అమ్మినప్పుడు రెరా దరిదాపుల్లోకి రాదు. అద్దెకు దిగేవారి విషయంలో ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ఇలాంటి విధినే ఇంటి ఓనరు మీద పెట్టింది గానీ, టులెట్ బోర్డు చూసి వచ్చినవారికి ఆ సంగతి చెప్పే నాథుడు ఉండడు.

పోలీసు కేసు పెట్టవచ్చు కదా అనేవారూ ఉన్నారు. దురుద్దేశంతో నిజాన్ని దాచడం కూడా వంచన కిందికి వస్తుందని భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ వివరణలో ఉన్నమాట నిజమే. కానీ అమ్మేనాటికే మోసం చేసే ఉద్దేశం ఉందని రుజువు చేయడం చిన్న పని కాదు. ‘ఇది సివిల్ వ్యవహారం, కోర్టుకు వెళ్లండి’ అని స్టేషన్‌లో చెప్పే మాట చాలాసార్లు సబబైనదే కూడా. ఎవరినో జైలుకు పంపడం కంటే, అమ్మకానికి ముందే నిజం కాగితం మీదికి వచ్చేలా చేయడం మేలు.

ఇతర దేశాల్లో ఆ పని ఎలా చేస్తున్నారో మన తెలుగువాళ్లలో వేలమందికి స్వానుభవమే. టెక్సాస్‌లో నివాస గృహం అమ్మేవారు తమకు తెలిసిన లోపాలను ఒక నిర్ణీత ఫారంలో నింపి కొనేవారికి ఇవ్వాలి. పైకప్పు, పునాది, వైరింగు, ప్లంబింగు, చెదలు, గతంలో వచ్చిన వరద, ఇలా ఒక్కోదానికీ తెలిసినంతవరకు సమాధానం రాయాలి. ఒప్పందానికి ముందు ఆ ఫారం ఇవ్వకపోతే, అది చేతికందిన ఏడు రోజుల్లోపు ఏ కారణమూ చెప్పకుండా బేరం రద్దు చేసుకునే హక్కు కొనేవారిది. సీసం కలిసిన రంగు విషయంలో అమెరికా కేంద్ర చట్టం ఇంకా కఠినం. 1978కి ముందు కట్టిన ఇంట్లో అలాంటి రంగు ఉన్నట్టు తెలిస్తే చెప్పాలి, దగ్గరున్న పరీక్షల నివేదికలు ఇవ్వాలి, సొంతంగా తనిఖీ చేయించుకోవడానికి పది రోజుల గడువు ఇవ్వాలి. తెలిసి ఉల్లంఘిస్తే నష్టానికి మూడింతలు కట్టవలసి వస్తుంది. డాలస్‌లో తమ ఇల్లు అమ్మేటప్పుడు ఈ ఫారాలన్నీ ఓపికగా, నిజాయితీగా నింపే మనవాళ్లే, కూకట్‌పల్లిలోనో గుంటూరులోనో ఉన్న ఫ్లాటును జీపీఏ (తమ తరఫున సంతకం చేసే అధికార పత్రం) ఇచ్చిన బావమరిది ద్వారా అమ్మేటప్పుడు ఒక్క ముక్క కూడా చెప్పరు. వారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. అక్కడ అడుగుతారు కాబట్టి చెబుతారు, ఇక్కడ ఎవరూ అడగరు. పైగా జీపీఏ పట్టుకున్న మనిషి ‘నాకేం తెలుసండీ, నేను ఆ ఇంట్లో ఉండలేదు’ అంటే అది కూడా నిజమే అవుతుంది. తెలిసినవారు సముద్రాల అవతల ఉంటారు, సంతకం పెట్టేవారికి ఏమీ తెలియదు.

కాబట్టి నా విన్నపం రెండు తెలుగు రాష్ట్రాల రిజిస్ట్రేషన్ల శాఖలకు. ఇంటి అమ్మకం రిజిస్టరు చేసేటప్పుడు, పైకప్పు ఏ రకం, విస్తీర్ణం ఎంత, కట్టి ఎన్నేళ్లయింది అని అడిగే అనుబంధ పత్రం ఇప్పటికే ఒకటి జతచేయించుకుంటున్నారు. అది విలువ కట్టి రుసుము వసూలు చేసుకోవడానికి. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి ఇంటి విలువలో ఏడున్నర శాతం దాకా పుచ్చుకునే ప్రభుత్వం, దానితోపాటు ఇంకొక్క పేజీ అడగడం భారమేమీ కాదు. స్లాబులు, బీముల్లో పగుళ్లు, పెచ్చులు, నీటి ఊట, వైరింగు, ఎర్తింగు, డాబా పైనుంచి వెళ్లే విద్యుత్ తీగలు, పూడ్చిన బావి లేదా సెప్టిక్ ట్యాంకు మీద నిర్మాణం, అనుమతికి మించి వేసిన అంతస్తులు, వరద ముంపు, కార్పొరేషన్ నుంచి వచ్చిన శిథిల భవనం నోటీసులు, గతంలో చేయించిన పెద్ద మరమ్మతులు. ఒక్కోదానికి ఉంది, లేదు, తెలియదు అన్న మూడు గడులు చాలు. జీపీఏ మీద అమ్మేటట్లయితే, ఆ పేజీ మీద సంతకం అసలు యజమానిదే కావాలి. సబ్ రిజిస్ట్రారు ఇంటికి వచ్చి పరిశీలించనక్కరలేదు. పేజీ జతపడిందా, ఇరువురూ సంతకాలు చేశారా అన్నది చూస్తే సరిపోతుంది.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో ఒకటి మాత్రం ఆలోచించదగ్గది. అమ్మేవారందరూ మోసగాళ్లు కారు. కూతురి పెళ్లికో, ఆసుపత్రి ఖర్చులకో ఉన్న ఒక్క ఇల్లూ అమ్ముకునే పెద్దవాళ్లు ఉంటారు. వారికి పిల్లరంటే ఏమిటో బీమంటే ఏమిటో తెలియదు. రేపు ఎవరో వచ్చి గోడ బీటకు మీరే బాధ్యులంటే వారేం కావాలి? ఈ భయం సహేతుకమే. అందుకే చట్టం కూడా తెలిసిన లోపాన్నే అడిగింది. ‘తెలియదు’ అన్న గడి ఉండాలనడం కూడా అందుకే. తెలియదని రాసినవారు ఇంజినీరు చేయవలసిన పరీక్షకు హామీ ఇచ్చినట్టు కాదు. నిజానికి ఈ పేజీ అలాంటివారికే ఎక్కువ రక్షణ. ‘నేను చెప్పాను, మీరు సంతకం చేశారు’ అని చూపించే రుజువు ఇప్పుడు వారి చేతిలో ఏదీ లేదు. ధర తగ్గిపోతుందన్న అభ్యంతరానికి నేను పెద్దగా విలువ ఇవ్వలేను. తుప్పుపట్టిన స్లాబు ఉన్న ఇంటి ధర తగ్గవలసిందే. ఆ తగ్గిన సొమ్ము మరమ్మతుకు పోతుంది. ఇంకో కాగితం వస్తే ఆఫీసు బయట ఇంకో మామూలు మొదలవుతుందన్న శంకను మాత్రం నేను కొట్టిపారేయలేను. అందుకే పేజీ ఆన్‌లైన్‌లో, ఇళ్ల దగ్గరే నింపుకునేలా, చదవగలిగే తెలుగులో ఉండాలి.

ప్రభుత్వం కదిలేదాకా కొనేవారు చేతులు ముడుచుకుని కూర్చోనక్కరలేదు. అడ్వాన్సు ఇవ్వకముందే పైన చెప్పిన ప్రశ్నలను ఒక కాగితం మీద రాసి, అమ్మేవారిని అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోవచ్చు. వాట్సాప్‌లో అడిగినా ఫరవాలేదు, ఫోను మార్చినప్పుడు ఆ సంభాషణ పోకుండా చూసుకోవాలి. అడగనప్పటి మౌనం గురించి ఎన్ని వాదనలైనా చేయవచ్చు గానీ, అడిగినప్పుడు ఇచ్చిన అబద్ధపు జవాబు తప్పుడు ప్రకటనే అవుతుంది, దాన్ని రుజువు చేయడమూ సులువు. అగ్రిమెంటులో తృప్తి వాక్యం పక్కన, ‘అమ్మకందారు తమకు తెలిసిన నిర్మాణ, విద్యుత్ లోపాలన్నిటినీ అనుబంధంలో వెల్లడించారు’ అన్న మరో వాక్యం రాయించాలి. రాయనంటే ఎందుకు రాయనంటున్నారో అడగాలి. అసోసియేషన్ ఉన్నచోట మినిట్స్ పుస్తకం చూపించమనాలి. కొన్న తర్వాత దాచిన లోపం బయటపడితే, మరమ్మతు మొదలుపెట్టకముందే ఫొటోలు తీసి, ఇంజినీరు చేత నివేదిక రాయించుకుని, అమ్మినవారికి నోటీసు ఇవ్వాలి. దస్తావేజు రద్దుకు దావా వేసే గడువు సాధారణంగా మూడేళ్లు. మోసం జరిగినచోట ఆ గడువు, మోసం బయటపడిన నాటినుంచి, లేదా తగిన శ్రద్ధ పెడితే బయటపడగలిగిన నాటినుంచి మొదలవుతుందని లిమిటేషన్ చట్టం 17వ సెక్షన్ చెబుతుంది. పెచ్చు ఊడిన తేదీ, దాని ఫొటో అందుకే భద్రంగా ఉండాలి.

భవదీయుడు,
ఒక విశ్రాంత సివిల్ ఇంజినీరు,
విజయవాడ